అక్కమ్మ సున్నంనీళ్ల తొట్టి

పంచాయితీ మెంబరు ఎవరితో పోట్లాడినాడో అడుగుతారు. టాకీసులో ఏ ఆట పడిందో అడుగుతారు. నా తోడికోడలు అక్కమ్మ సంగతి మీలో ఒక్కరైనా అడిగినారా? సిగ్గుండాల. ఆమె కోళ్ల గుడ్లు తినే కదా మీ ఒళ్లు ఇంత పెరిగింది! కూర్చోండి. మనవరాలా, వినుతా, నువ్వు రాసుకో. నడుమ నడుమ టీవీ వైపు చూడొద్దు.

అక్కమ్మ పుట్టిల్లు శిడ్లఘట్ట పక్కన. పట్టుపురుగులు మేపే ఇల్లు. పురుగుల గదిలోకి పోవాలంటే కాళ్లూ చేతులూ కడుక్కోవాల, తలలో పూలు తీసెయ్యాల. కొత్త అల్లుడైనా సరే, అంతవరకూ వాకిట్లోనే. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ల మేనమామ పక్కూరి పురుగుల ఇంటినుంచి నేరుగా వచ్చి గదిలో దూరినాడంట. వారం పది రోజుల్లో సున్నకట్టు రోగం తగిలి పురుగులన్నీ సుద్దముక్కల్లాగా బిగుసుకుపోయినాయి. ఆ భయం అక్కమ్మను చివరిదాకా వదల్లేదు.

అందుకే మా మరిది ఆదినారాయణప్ప చింతామణి దారిలో షెడ్డు వేసి, గుడ్లు పెట్టే కోళ్లు నాలుగు వందలు తెచ్చినప్పుడు ఆమె మొదట చేసిన పని, గడప ముందు సిమెంటు తొట్టి కట్టించడం. పొద్దున్నే అందులో సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీళ్లు నింపేది. అందులో కాలు ముంచకుండా ఎవరూ లోపలికి పోకూడదు. నన్ను కూడా వదల్లేదు.

"ఏమే, నీ కోళ్లేమన్నా మైసూరు రాణులా?" అన్నాను ఒకసారి.

"రాణులైతే దాసీలుంటారు కదక్కా, నాకెందుకీ చాకిరీ? కాలు పెట్టు."

రెండు వేల ఆరులో మహారాష్ట్రలో కోళ్లకు హక్కిజ్వరమని, అదే బర్డ్ ఫ్లూ అని, టీవీలో వచ్చింది. మన పక్క ఆ రోగం లేనే లేదు. అయినా చింతామణిలో కోళ్ల అంగళ్ల ముందు కుక్క కూడా నిలబడలేదు. గుడ్లు అడిగేవాళ్లు లేరు. గంపలకు గంపలు గుంతలో పోసినాము. అప్పుడే పశువుల ఆసుపత్రి ఇలాఖావాళ్లు షెడ్డు షెడ్డుకూ కన్నడంలో ఒక కాగితం పంచినారు. బయటివాళ్లను లోపలికి రానియ్యొద్దు, కాళ్లు మందునీళ్లలో ముంచాల, ఒక షెడ్డులో తిరిగిన చెప్పులతో ఇంకో షెడ్డుకు పోవద్దు అని. ఎవరో చదివి చెప్తే అక్కమ్మ నవ్వింది.

"ఇదంతా మా యమ్మ చెప్పిందే కదా! ఆమెకేమన్నా సర్కారు జీతమిచ్చిందా?"

నాలుగు రోజులకు తనిఖీకని పశువుల డాక్టరు జీపులో దిగినాడు, వెంట ఇద్దరు. పొద్దుట్నుంచి రెండు షెడ్లు తిరిగి వచ్చినారంట. నేను అక్కడే ఉన్నాను. ఆయన బూట్లకు మడమల దాకా రెట్ట, దానికి అంటుకుని ఈకలు.

"సార్, కాళ్లు తొట్టిలో ముంచి రాండప్పా" అన్నది అక్కమ్మ.

"నేను డాక్టర్నమ్మా. నాకే రూల్సు చెప్తాండావా?"

"రూల్సు మీవే సార్. ఆ రెట్ట ఎవురిది?"

వెంట వచ్చినవాళ్లు ఫక్కుమన్నారు. డాక్టరు మొహం నల్లబడింది. "తోలు బూట్లమ్మా ఇవి. సున్నంలో పెడితే చెడిపోతాయి" అన్నాడు.

"అయితే ఆడనే విడవండప్పా. వేరే చెప్పులు తెచ్చిస్తా" అని ఆమె ఇంట్లోకి పోయింది. ఆ సందులో మా మరిది ఉరికి వచ్చినాడు. "దానికి బుద్ధి లేదు సార్. మీలాంటోళ్లను వాకిట్లో నిలబెట్టేదా? ఇట్ల రాండి సార్" అని, మేత మూటలు దించే వెనక తలుపు తీసినాడు. మహా మర్యాదస్తుడు! వాళ్లు ఆ బూట్లతోనే కోళ్ల నడుమ ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగినారు. లేత టెంకాయల ఎళనీళ్లు తాగినారు. ఎంగిలి బొండాలు అక్కడే పారేసి పోయినారు.

అక్కమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చి బూటు అచ్చులు చూసింది. చీపురు తీసుకుంది.

ఆరో రోజు నాలుగు కోళ్లు మెడలు మెలితిరిగి పడినాయి. రెట్ట ఆకుపచ్చగా పారింది. కొక్కెర రోగం. ఆ నెలలోనే దాని టీకా వెయ్యాల్సింది. ఆసుపత్రికి రెండుసార్లు పోతే, అందరూ హక్కిజ్వరం పనిమీద ఉన్నారు, టీకా రాలేదు పొమ్మన్నారు. పది రోజుల్లో షెడ్డు ఖాళీ. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

అప్పుడు డాక్టరూ ఆయన మనుషులూ మళ్లా వచ్చినారు. ఈసారి మూతికి గుడ్డ, తెల్ల అంగీలు, రబ్బరు బూట్లు. రోడ్డు దాటి ఇటు అడుగు పెట్టరు.

"రాండప్పా లోపలికి. ఎనక తలుపు తెరిచే ఉండాది" అన్నది అక్కమ్మ.

చచ్చిన కోళ్లను సంచుల్లో కట్టి పరీక్షకు పంపినారు. హక్కిజ్వరం కాదని తేలినాక డాక్టరు ఇంకోసారి వచ్చినాడు.

"పరిహారం హక్కిజ్వరమని సర్కారు చంపిన కోళ్లకేనమ్మా. వాటంతట అవి చస్తే రాదు" అన్నాడు డాక్టరు.

"తెలీకపోయె సార్. తెలిసుంటే, సార్ వచ్చి చంపేదాకా ఓర్చుకోండే అని వాటికి చెప్పుందును."

అంతటితో పోయుంటే బాగుండేది. ఆయన ఒక కాగితం తీసి చదివినాడు. కోళ్లు చావడానికి కారణం, యజమాని శుచిత్వం పాటించకపోవడం అని. అక్కమ్మ అంతవరకూ కన్నీరు పెట్టలేదు. అప్పుడు పెట్టింది.

"కోళ్లు పోయినాయి, పోనీ. పరిహారం మీ కాడనే పెట్టుకోండి. ఆ ఒక్క మాట కొట్టెయ్యి సార్. నేను శుచి లేనిదాన్నా?"

"అది రాయకుంటే ఫైలు మూసేదానికి కాదమ్మా."

షెడ్డు మా మరిది పేరున ఉంది. "సంతకం పెడితే పీడ పోతాదిలేవే" అని గీకి ఇచ్చినాడు. థూ.

మళ్లా కోళ్లు తేలేదు. అయినా అక్కమ్మ పొద్దున్నే తొట్టి కడిగి కొత్త నీళ్లు నింపేది. ఒక రోజు కాదు, రెండేళ్లు. ఊరంతా పిచ్చిదన్నారు.

"కోళ్లు లేవు కదే, ఎవరికే ఈ నీళ్లు?" అని అడిగినాను.

"ఆ కాగితం చదివినోడు ఎవురన్నా వస్తే చూడనీక్కా."

ఎవరూ రాలేదు. ఆ షెడ్డులోనే మంచం వేసుకుంది. జ్వరం వచ్చి మూడో రోజు అక్కడే పోయింది. ఆ పొద్దు తొట్టి నేను నింపినాను. పాడె మోసే నలుగురూ ఎవరూ చెప్పకుండానే కాళ్లు ముంచి లోపలికి పోయినారు. మా మరిది మాత్రం వెనక తలుపునుంచి వచ్చినాడు.

అక్కమ్మకు యాభై ఎనిమిదేళ్లు.