హాల్వర్ కౌంటీకి నూటికి పదకొండు

వెర్లిన్ టోస్ట్రుడ్ మనిషినైనా, వస్తువునైనా ఒకే కొలమానంతో కొలుస్తాడు: లోకం తలకిందులైన నాడు ఇది దేనికి పనికొస్తుంది? చర్చి విందులో బంగాళాదుంపల వంటకం వడ్డిస్తే, "కరెంటు లేకుండా ఎన్నాళ్లు నిలవుంటుంది?" అని అడుగుతాడు. పెళ్లికొడుకు చేయి కలిపితే, "పన్ను పీకడం వచ్చా?" అంటాడు. ఒక బాప్తిస్మానికి వెళ్లి పసికందును తేరిపార చూసి, "అక్కరకు రావాలంటే పన్నెండేళ్లు ఆగాలి. రెండు మార్కులు," అన్నాడు. తల్లి, ఆ ఊరి మర్యాద ప్రకారం, థాంక్స్ చెప్పింది.

ఇంతటి విద్య అడవి గాచిన వెన్నెల కాకూడదు కదా! విపత్తు రాకముందే పల్లెలకు తరలిపోవాలనుకునే నగరవాసులు అతను ఒక్కో కౌంటీకి మార్కులు వేసి రాసే నివేదికలు చదివే భూములు కొంటారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో అతను తూచని కౌంటీ, అంటే జిల్లా, లేదు. అంతటివాడు, తాను పుట్టి పెరిగిన హాల్వర్ కౌంటీకి నూటికి పదకొండు వేశాడు.

ఆర్డిస్ క్వామెన్‌కు ఒళ్లు మండింది. ఆమె ముప్పై ఏళ్లు కౌంటీ దస్తావేజుల కార్యాలయంలో పనిచేసింది. పదవీ విరమణ నాడు కార్యాలయాన్ని వదిలిందే గాని కాగితాలను వదలలేదు. అసలే ఆమె మనసు బాగాలేదు. మేనల్లుడు కెర్మిట్ కౌలుకు దున్నుతున్న నూట అరవై ఎకరాలు శనివారం వేలానికి వస్తున్నాయి. అవి చేజారితే అతను భార్యాపిల్లలతో ఊరు వదలాల్సిందే. ఆ దిగులు మీద ఈ అవమానం. రెండు అట్టపెట్టెల రుజువులతో ఆమె వెర్లిన్ గుమ్మం ఎక్కింది.

"కాఫీ తాగుతారా, ఆర్డిస్ గారూ?"

"వద్దులే."

"కొంచెం?"

"నీకెందుకు శ్రమ."

"కాచి ఉన్నదేనండీ."

"సరే, సగం చాలు."

హాల్వర్ కౌంటీలో యుద్ధమైనా రెండుసార్లు వద్దని, మూడోసారి కాఫీ పుచ్చుకున్నాకే మొదలవుతుంది.

"నీళ్లు అనుమానాస్పదమని రాశావు. ఇదిగో పరీక్ష కాగితం. చదువు."

"అనుమానం నాదండీ. దానికి కాగితం ఎందుకు?"

"గాలి ప్రమాదకరమట. ఏ గాలి?"

"వీచేదే."

"భద్రత సున్నా అన్నావు. ఈ ఊళ్లో ఎవరైనా ఇంటికి తాళం వేస్తారా?"

"వెయ్యరు. అందుకే సున్నా."

"ఈ కాగితాలన్నీ వేలంలో పంచుతాను. కౌంటీ పరువు నిలబెడతాను."

వెర్లిన్ కప్పు కింద పెట్టాడు. "పంచండి. పోయినేడు పక్క కౌంటీకి ఎనభై ఎనిమిది వేశాను. ఉన్నదే రాశాను. ఆరు నెలల్లో ఎకరం ధర రెట్టింపైంది. అక్కడ మా తమ్ముడు లాయెల్ దున్నే కౌలు భూమిని ఎవరో కొని చుట్టూ కంచె కట్టారు. వాడిప్పుడు గోదాము దగ్గర కాపలా కాస్తున్నాడు. మన కౌంటీకి ఎంత వెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆర్డిస్ నివేదికను మళ్లీ మొదటినుంచీ చదివింది.

"ఈ పదకొండు మాత్రం ఎందుకయ్యా?"

"మరీ సున్నా వేస్తే నమ్మరండీ."

శనివారం వేలంలో, మడత నలగని కొత్త చొక్కాతో షికాగో నుంచి వచ్చిన పెద్దమనిషి నివేదిక చేతబట్టుకుని, పెట్టెలు ఇంట్లోనే వదిలి వచ్చిన ఆమె పక్కనే నిలబడ్డాడు. డెబ్భై నాలుగేళ్లలో ఆర్డిస్ అబద్ధమాడి ఎరుగదు.

"ఆ పొలం బావి నీళ్లు ఎవరైనా తాగారా, అమ్మా?"

"మా ఆయన తాగేవారు. రోజూ."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయారు బాబూ."

తొంభై ఒకటో ఏట, పేకాటలో గెలిచిన ముక్కలు చేతిలో ఉండగానే పోయారని చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోగా అతను కారు దాకా వెళ్లిపోయాడు. పాపం, వెనక్కి పిలిచి శ్రమ పెట్టడం ఆమెకు మర్యాదగా తోచలేదు. ఈలోగా కెర్మిట్ చెయ్యెత్తాడు; దానికి మించి మరే చెయ్యీ లేవలేదు.