ప్లస్సు డిస్కులు మాత్రమే

మొన్న పనిమీద బారువ వైపు వెళ్తుంటే, రోడ్డు పక్క వంగమడిలో పిట్టల్ని బెదరగొట్టడానికి ఎవరో తాడుకు డీవీడీలు గుచ్చి కట్టారు. గాలికి అవి గిరగిర తిరుగుతూ ఎండలో మెరుస్తుంటే బస్సులో నా పక్కనున్నావిడ ముచ్చటపడి చూసింది కాని, నేను ముఖం తిప్పుకున్నాను. మన వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఒకప్పుడు ఆ బిళ్ళని వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎత్తేవాళ్ళం. అటువంటి ఒక్క బిళ్ళ నా చేత చేయించిన పని ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మా తాతగారికి ఉద్దానంలో కొబ్బరితోటలు ఉండేవి. ఎన్ని ఎకరాలో చెప్పను, పోయినవాటి కొలతలు చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. తోటలు పోయి పేరు మిగిలింది, ఆ పేరు నా వంతుకు వచ్చింది. నేను పలాసలో జీడిపప్పు వ్యాపారుల వీధి చివర ఒక గది అద్దెకు తీసుకుని, పెళ్ళి క్యాసెట్లను సీడీల్లోకి మార్చే పని పెట్టుకున్నప్పుడు మా పెదనాన్నగారు చాలాకాలం నాతో మాట్లాడలేదు. నేనూ ఆ గదిలో ఇస్త్రీ చొక్కాతోనే కూర్చునేవాణ్ణి. ఎవరినీ రమ్మని పిలిచేవాణ్ణి కాదు, ఎవరి దుకాణం బల్ల మీదా కూర్చునేవాణ్ణి కాదు, తెలియని సంగతి ఒకరిని అడగడమన్నది అసలే లేదు.

రెండు వేల నాలుగో, అయిదో, సరిగ్గా గుర్తులేదు, సీడీలకు కాలం చెల్లి డీవీడీలు మొదలయ్యాయి. ఇక కొత్త రైటర్ కొనక తప్పదు. పెదనాన్నగారి అల్లుడు, అంటే నాకు బావ, అప్పటికే టెక్కలిలో కంప్యూటర్ల దుకాణం నడుపుతున్నాడు. అడిగితే నిమిషంలో చెప్పేవాడు. కాని మా తాతగారి చివరి తోటను కొన్నది ఆయన తండ్రే. ఆ తోట కొన్న ఇంటికే మా అక్కను ఇచ్చారు. ఆ పెళ్ళిలో భోజనం చేసి వచ్చింది మొదలు నేను ఆ గడప తొక్కలేదు.

అందుచేత ఒక్కణ్ణే విశాఖపట్నం వెళ్ళాను. దుకాణంలో రెండు రకాల రైటర్లు చూపించారు, ఒకటి ప్లస్సు డిస్కులు రాసేది, రెండోది మైనస్సు డిస్కులు రాసేది. రెండూ రాసేవి వస్తున్నాయట గాని ఆ వేళ సరుకు లేదు. తేడా ఏమిటని అడిగితే పోయేది. అడగలేదు. ప్లస్సంటే కూడిక, మైనస్సంటే తీసివేత, ఇక అడగడానికేముంది అనుకున్నాను. అప్పటికే మా ఇంట్లో జరిగిన తీసివేతలు చాలు, ప్లస్సుదే కొన్నాను.

పలాస వచ్చాక నా తెలివికి నేనే మురిసిపోయాను, ఎందుకంటే గిరాకీ కూడా అలాగే వచ్చింది. పెళ్ళి డిస్కు మీద అడ్డగీత ఉందా, దాన్ని కోస్తూ నిలువుగీత కూడా ఉందా అని తిప్పి తిప్పి చూసేవారు. మందసం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడయితే, నిలువుగీత కంటికానక, "మైనస్సేటి బాబూ, పెల్లి పిల్లకి! పసుపు రాసినా పనికిరాదు, ఒద్దు" అని లేచిపోబోయింది. ఆ మర్నాడే గుమ్మం మీద బోర్డు రాయించాను. ఇచ్చట ప్లస్సు డిస్కులు మాత్రమే వాడబడును. కొందరు డిస్కు తిరిగి తెచ్చి తమ ఇంట్లో ఆడటం లేదన్నారు. నా దగ్గరున్న కొత్త ప్లేయర్లో పెట్టి ఆడించి చూపించి, మీ పెట్టే బాగాలేదు, మార్చుకోండి అని పంపేశాను. వాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను.

ఆ రోజుల్లోనే భావనపాడు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త వేటకు వెళ్ళి సముద్రంలో పోయాడు, శవం కూడా దొరకలేదు. ఫొటో అన్నది రేషను కార్డు మీది మసక బొమ్మ ఒక్కటే. పెద్దకూతురి పెళ్ళి క్యాసెట్టులో మాత్రం ఆయన నడుస్తాడు, మాట్లాడతాడు. ఇప్పుడు చిన్నకూతురి పెళ్ళి. పీటల మీద కూర్చునే ముందు పిల్లకు తండ్రిని చూపించాలి, ఇంట్లో క్యాసెట్లు ఆడే పెట్టె పాడైపోయింది గనుక డిస్కు చేసి ఇవ్వాలి, అదీ ఆవిడ కోరిక. "మీ తాతగోరి తోటలో మా మావ కాయలు దింపీవోడు బాబూ, మీరయితే జాగర్తగా సేత్తారు" అంది. ఆ మాటతో నా వెన్ను ఇంకాస్త నిటారైంది.

ఉప్పుగాలికి ఆ క్యాసెట్టులో రీలంతా బూజు పట్టి ఉంది. దూదితో తుడిచి, ఎండకు ఆరబెట్టి, దేవుడి మీద భారం వేసి ఒకసారి ఆడించాను. కంప్యూటర్లోకి ఎక్కింది. ఎక్కిన తరువాత వెనక్కి తిప్పబోతే రీలు మిషనులో దాన్ని చదివే తలకు చుట్టుకుని ముక్కలైంది. అప్పటి హార్డు డిస్కులు కొలిచే గిద్దలంత, రెండు పెళ్ళిళ్ళు పడితే మూడోదానికి చోటుండేది కాదు. డిస్కు రాసి, నా ప్లేయర్లో సరిచూసుకుని, కంప్యూటర్లోది చెరిపేశాను. ఇక ఆ మనిషి లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్లస్సు డిస్కులోనే.

పెళ్ళి పగటి ముహూర్తం. డిస్కు నేనే స్వయంగా పట్టుకెళ్ళాను. తాతగారి ఇంటినుంచి ఒకరు వచ్చారని వాళ్ళు కుర్చీ వేశారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు. పందిట్లో బల్లమీద టీవీ, ప్లేయరు. పెళ్ళికూతురు ముందు కూర్చుంది. డిస్కు లోపలికి వెళ్ళింది, కాసేపు గరగరలాడింది, తెరమీద డిస్కు లేదని ఇంగ్లీషులో అక్షరాలు పడ్డాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే.

మీ పెట్టే బాగాలేదన్నాను. అలవాటైన మాట.

మగపెళ్ళివారిలో ఒక పెద్దమనిషి లేచి, తన సంచిలోంచి సినిమా డిస్కు ఒకటి తీసి పెట్టాడు. వెంటనే పాట, గంతులు. పందిరంతా గొల్లున నవ్వింది. "పెట్టి బాగానే ఉన్నాది. టీవీలో మావ రాడానికి బొట్టెట్టి పిలవాలేటో!" అన్నాడు ఇంకొకడు.

ఆవిడ నవ్వలేదు. నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "పోనీ ఆ కేసెట్టు ఇచ్చీండి బాబూ, ఎవలింటికాడైనా ఏసి సూపిత్తాను."

క్యాసెట్టు లేదని చెప్పాను. రీలు తెగిపోయిందని చెప్పాను.

"అయితే మా ఆయన ఇందల్లోనే ఉండిపోనాడేటి?" అంది, నా చేతిలోని డిస్కు చూస్తూ. పిల్లకు ఆ మాట వినిపించింది. తండ్రిని చూడందే పీటలెక్కనని తల దించుకుని కూర్చుంది. మగపెళ్ళివారు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు. ముహూర్తం ఇంకా రెండు గంటలుంది. నా ప్లేయరు పలాసలో ఉంది, వెళ్ళి రావడానికి ఆ వ్యవధి చాలదు. దగ్గరున్నది టెక్కలి. టెక్కలిలో ఈ సంగతి తెలిసిన గుమ్మం ఒక్కటే.

పెళ్ళికూతురి మేనమామ మోటారు సైకిలెక్కించుకున్నాడు. దారి పొడవునా డిస్కును చొక్కా లోపల గుండెకు అదిమిపట్టుకుని, బావతో ఏమని మొదలుపెట్టాలా అని మాటలు పేర్చుకున్నాను. నౌపడ దాటేసరికి పేర్చిన మాటలన్నీ ఊడిపోయాయి.

బావ దుకాణంలో ఒక కంప్యూటరు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఏటి బావా, పలాస బండి దారి తప్పి టెక్కలొచ్చీసినాదేటి?"

నేను తప్పు చేశాను, చూసి పెట్టండి అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన ఇక వేళాకోళం ఆడలేదు. డిస్కు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ప్లస్సు రాసీసినావా? మన పల్లెల్లో పాత పెట్టెలన్నీ మైనస్సే తింతాయి బావా. గీత సూసి మోసపోనావు. అది తీసివేత గుర్తు కాదు, ఉత్త అడ్డగీత, రకం పేరు" అన్నాడు. అంతే. నేను నెలల తరబడి బోర్డు కట్టి గర్వపడినదంతా ఆయన నోట ఒక్క ముక్కలో తేలిపోయింది.

డిస్కులోది ముందు కంప్యూటర్లోకి తీసుకోవాలి, ఆ తరువాత మైనస్సు డిస్కు మీద రాయాలి. తెరమీద పచ్చగీత నత్తలా పాకుతోంది. సగం దాటాక ఆగిపోయింది. నా చొక్కా లోపలి చెమటకు డిస్కు మీద మరక పడిందట. బావ దాన్ని తీసి, తన కండువా కొసతో మధ్యనుంచి అంచుకు, మధ్యనుంచి అంచుకు, పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచాడు. గుండ్రంగా తుడవకూడదని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. దుకాణం వెనకే ఉన్న ఇంట్లోంచి అక్క మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు నిలబడింది. ఆ ఇంట్లో నీళ్ళు తాగకూడదని పెట్టుకున్న నియమం ఆ నిమిషంలో జ్ఞాపకం రాలేదు. గీత మళ్ళీ కదిలింది. రాయడం పూర్తయ్యాక ఆయన అటక మీదనుంచి ఒక పాత ప్లేయరు దింపి, అందులో ఆడించి చూసిగాని డిస్కు నా చేతికివ్వలేదు.

మేము తిరిగి వచ్చేసరికి పురోహితుడు లేచి నిలబడి ఉన్నాడు, మేళం ఆగి ఉంది. ఈసారి గరగర లేదు. పందిరి, జనం, ఆ జనంలోంచి నెత్తిమీద అన్నపు గుండిగ పెట్టుకుని ఒక నల్లటి మనిషి నడిచి వచ్చాడు. కెమెరా తన వైపు తిరిగేసరికి చిరాకుపడ్డాడు. "నన్నేటి తీత్తన్నావు, తప్పుకో! అదిగో, మా సిన్నదాన్ని తియ్యి, జడగంటలెట్టుకున్నాది." అంతే, గుండిగతో పక్కకు తప్పుకున్నాడు. కెమెరా ఆయన చెప్పినట్టే తిరిగి, పళ్ళూడిన ఒక చిన్నపిల్లను చూపించింది.

పెళ్ళికూతురు పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తల్లి మాత్రం తెరమీంచి చూపు తిప్పకుండా, "ఇంకొకపాలి ఎయ్యండి బాబూ" అంది. మూడుసార్లు వేశాను. గడియారాలు చూసుకున్న పెద్దమనుషులు కూడా మూడుసార్లూ చూశారు. పిల్ల లేచి, టీవీ బల్లకు దండం పెట్టి, పీటల మీదకు వెళ్ళింది.

మర్నాడు బోర్డు నేనే దింపాను. ఆడని డిస్కులిచ్చి పంపిన ఇళ్ళు గుర్తుచేసుకుని, ఒక్కొక్కరికీ కబురు పెట్టి, మైనస్సు రాసే రైటర్ కొని మళ్ళీ రాసిచ్చాను. బావ దగ్గరకు అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి, పనుంటేనే. పని లేకుండా వెళ్ళి కూర్చునేటంత మెత్తదనం నాకెన్నడూ రాలేదు. ఆయన మాత్రం నేను గుమ్మంలో కనిపించగానే ఏదో ఒక మాట విసిరేవాడు, నేను ముఖం గంభీరంగా పెట్టుకుని విననట్టు నటించేవాణ్ణి. ఉద్దానంలో ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బే ఆయన్నూ తీసుకుపోయింది. టెక్కలి దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

ఇప్పుడు ఏ రకం కొనాలో, ఏది దేనిలో ఆడుతుందో ఎవరినీ అడగనక్కరలేదు. తెలియనిది ఫోనే చెబుతుంది, తప్పు చేస్తే నవ్వకుండా చెబుతుంది. అడగడమంటే ప్రాణం మీదికొచ్చే నా బోటివాడికి ఇంతకన్నా సుఖమేం కావాలి? అయినా కొన్ని సాయంత్రాలు టెక్కలిలో బస్సు దిగుతాను. పనేమీ ఉండదు. దుకాణం ఎదురుగా కాసేపు నిలబడి, ఏటి బావా అని ఎవరూ పిలవకపోతే, తరువాతి బస్సుకు పలాస వచ్చేస్తాను.