జానెడు లేపి చూడమన్నందుకు

మొన్న భూపాలపల్లి కరెంటు ప్లాంటుకు పోతున్న భారీ యంత్రమొకటి, లెక్కలేనన్ని చక్రాల బండి మీద దారంతా ఆక్రమించి జనగామ దగ్గర ఆగిపోతే, మా బస్సులోని వాళ్లంతా దిగి ఫోటోలు తీసుకున్నారు. నాకు మాత్రం ఎప్పుడో కాటికి పోయిన ఒక మేస్త్రి ముఖం కళ్ల ముందు మెదిలి ఒళ్లు మండింది.

మా బాపు దొర గడీకి వెట్టి దూలాలు ఎత్తి ఎత్తి భుజాలు కాయలు కాసినవాడు. ఎంత బరువైనా ఒక్కసారిగా లేపనిచ్చేవాడు కాదు. "జానెడు లేపి ఆగాలె బిడ్డా, బరువు ఎటుందో అదే చెప్తది" అనేవాడు. దొరల మీద సంఘం పోరాటం సాగిన ఆ రోజుల్లో, మా ఊరు నర్మెట్ట చుట్టుపక్కల ఈడొచ్చిన పిల్లవాడు కనిపిస్తే పోలీసులు క్యాంపుకు పట్టుకుపోయేవారు కనుక, నన్ను స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కించి, విశాఖ రేవులో కలాసీగా ఉన్న మేనమామ దగ్గరికి పంపాడు.

అక్కడ ఓడలోకి ఎక్కించే సరుకు దగ్గర నిలబడి, క్రేను నడిపేవాడికి చేతితో సైగ చేయడం నా పని. ఒకనాడు రైలింజనంత బాయిలరు వచ్చింది. మా ముఠా మేస్త్రి దాని పొడవు కొలిచి, నడిమధ్య నుంచి రెండు వైపులా సమాన దూరంలో ఇనుప తాళ్లు కట్టించాడు. దాని పొయ్యి ఒక కొసనే ఉంది. బరువంతా ఆ కొసకే ఉంటుందని బాపుతో కలిసి గడీ దూలాల మొదళ్లు మోసిన నాకు తెలియదా?

"మేస్త్రీ, జర ఆగున్రి. పొయ్యి దిక్కు బరువున్నది, జానెడు లేపి సూద్దాం."

"ఏంట్రోయ్, గిట్ల గట్ల అంటావ్! ఇదేమన్నా మీ దొరగారి గుమ్మమా?" అన్నాడు. రేవంతా నవ్వింది. నేను ఆపమని చెయ్యెత్తితే, నన్ను పక్కకు నెట్టి లేపమని తానే సైగ చేశాడు. ఓడ అంచు దాకా లేచిన బాయిలరు పొయ్యి వైపుకు వాలి, తాడులోంచి జారి, గట్టు మీద పడి పగిలింది. విచారణకు వచ్చిన ఇంజనీరుతో, "ఈ తెలంగాణావాడు తప్పు సైగ చేశాడండి" అన్నాడు మేస్త్రి. మామతో సహా ఒక్కరూ నోరు విప్పలేదు. నన్ను వెళ్లగొట్టారు.

ఊరికి పోలేక కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోస్తూ తలదాచుకున్నాను. నేను లేనప్పుడు పోలీసులు పట్టుకుపోతే, క్యాంపు నుంచి నడుము విరిగి వచ్చిన బాపుకు, మామ ముందే మేస్త్రి మాటే చేరవేశాడు. నేను ఇంటికి పోయి జరిగిందంతా చెప్పాను. "నేర్పింది మరిస్తివా బిడ్డా" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు.

కొన్నేళ్లకు మరో కాంట్రాక్టరు కింద అదే రేవులో నేనే మేస్త్రినయ్యాను. బతుకు చెడి ఆ పాత మేస్త్రి నా ముఠాలోనే కూలికి చేరాడు. తీసెయ్యమని అందరూ అన్నారు. తీసేస్తే నా కడుపు మంట చల్లారేదెట్లా? ప్రతి బరువునూ జానెడు లేపించి, వాడిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, కింద చెయ్యి పెట్టి కొలవమనేవాణ్ని. తాడు తెగితే ఆ చెయ్యి ఉండదని ఇద్దరికీ తెలుసు.

"జానెడున్నదా?"

"ఉందండీ."

"గట్టిగ చెప్పు, మీ మాట నాకు సమజ్ గాదు."

ఈసారి రేవు నా పక్షాన నవ్వింది. వాడు మాత్రం ఆనాటి సైగ తనదేనని చచ్చేదాకా ఒప్పుకోలేదు. నేనూ వాడి చావుకు పోలేదు, అందుకు ఈనాటికీ చింత లేదు.

ఇప్పుడు ఏ కొసన ఎంత బరువుందో క్రేను తాళ్లకు పెట్టిన మీటర్లే చెబుతాయట, ఎవరి సైగ మీదా నింద పడదట. ఆనాడు నవ్వినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. తప్పు నాది కాదని ఎవరైనా ఇవాళ వచ్చి ఒప్పుకున్నా, ఆ మాట ఎవరికి చెప్పుకోను? వినవలసినవాడు గోడ వైపు తిరిగే పోయాడు.