నన్ను కూడా నమ్మకండి అన్న మేడమ్

మేడమ్ పోయారని పోతిరెడ్డిపల్లిలో ఆమె కిరాయికున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే ప్రాణం పోయిందట, గుండెపోటని డాక్టర్ అన్నాడట. రాత్రి ఎవరైనా వచ్చారా, ఏం తిన్నారు, తలుపు లోపల గడియ వేసే ఉందా అని నేను గుచ్చి గుచ్చి అడిగేసరికి ఆమెకు విసుగొచ్చింది. నువ్వు బడిల సారువా, పోలీసోనివా అంది. నేను బడిలో సోషల్ చెప్పే సారునే. కానీ ఆ ప్రశ్నలు వింటే మేడమ్ నన్ను మెచ్చుకునేవారు.

లక్డారం దగ్గర మా ఊరికి ఆమె మొదటిసారి స్కూటీ మీద వచ్చారు. వెనక సీటుకు ఒక బకెట్, ఒక వల కట్టి ఉన్నాయి. చెరువులో ఏ పురుగులు, ఏ చేపలు బతుకుతున్నాయో చూసి నీళ్ళ సంగతి చెప్పడం, అది పిల్లలకూ పెద్దలకూ నేర్పడం తన పని అన్నారు. చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలున్న చోట ఊరికే వచ్చి మేలు చేసేవాళ్ళను ఎవరు నమ్ముతారు? భూముల బ్రోకరన్నారు కొందరు, పార్టీ మనిషన్నారు కొందరు. జీతం ఎవరిస్తారని నేను అడిగితే ఒక చిన్న సంస్థ పేరు చెప్పారు. పటాన్‌చెరు వెళ్ళి ఆ ఆఫీసు ఎక్కడుందో వెతికాను. ఉంది, బోర్డు కూడా ఉంది. బోర్డుదేముంది, ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఇంతకుముందు ఏం చేసేవారని అడిగితే మాత్రం, "మందుల కంపెనీ ల్యాబులో" అని మాట తుంచేసేవారు. అక్కడే నాకు అనుమానం గట్టిపడింది. ఆమె తండ్రి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినాయన. అందుకే ఆమె మాటలో ఆ యాస ఇంకా ఉండేది. నా అనుమానం ఆమెకు తెలుసు. ఒక ఆదివారం పిల్లల చేత చెరువులో రాళ్ళు తిప్పించి అడుగున తూనీగ పిల్లలున్నాయేమో చూపిస్తూ, నా వైపు తిరిగి నవ్వారు.

"మీ కళ్ళతో మీరు చూసిందాకా నన్ను కూడా నమ్మకండి మాస్టారూ."

నేను ఆ మాటనూ నమ్మలేదు.

ఆ ఎండాకాలం చెరువు నెర్రెలిచ్చింది. ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ళు తమ నీళ్ళను శుద్ధి చేసి పైపుతో మా చెరువులోకి వదులుతామన్నారు. పంచాయతీ ఒప్పుకుంటే చాలు. మా బాపు పొలం, బర్లు అన్నీ ఆ చెరువు కిందే. నీళ్ళు ఊరికే వస్తున్నయ్ కదరా అని ఆయన అప్పటికే సగం ఒప్పుకున్నాడు. పంచాయతీ ముందర వాళ్ళొక అద్దాల తొట్టి పెట్టి, తమ నీళ్ళు పోసి, చేపల్ని వదిలారు. చేపలు హుషారుగా తిరుగుతున్నాయి. ఇంకేం కావాలి? ఊరంతా తల ఊపింది.

అప్పుడు మేడమ్ లేచి, మీ బావిలో చేపలున్నాయా అని బాపును అడిగారు. బాపు వెళ్ళి బాయిలోని చిన్న చేపలు, పరకలు, పట్టుకొచ్చి ఆ తొట్టిలోనే వేశాడు. అందరం చాయ్ తాగడం పూర్తికాకముందే పరకలన్నీ వెల్లకిలా తేలాయి. వాళ్ళ చేపలు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.

ఫ్యాక్టరీ ఆఫీసర్ ఏ మాత్రం తొణకలేదు. ఈమె మా దగ్గర పనిచేసి పోయిన మనిషి, కక్షతో వచ్చింది, కావాలంటే అడగండి అన్నాడు. ఊరంతా ఆమె వైపు అనుమానంగా చూసింది. నేను అనుకున్నదే అయిందని నాలో నేను ఎగిరి గంతేశాను.

"నిజమే," అన్నారు మేడమ్. "ఆ చేపల్ని పెంచింది నేనే. ఆ నీళ్ళలోనే పిల్లల్ని పెట్టించి, చచ్చినవి పారేసి, బతికినవాటినే మళ్ళీ పెంచేదాన్ని. పరీక్షకు అవే వేసేవాళ్ళం. ఎప్పుడు వేసినా నీళ్ళు పాసయ్యేవి."

ముందే ఎందుకు చెప్పలే మేడమ్ అని నేనే అడిగాను.

"చెబితే ఊళ్ళోకి రానిచ్చేవారా?"

రానిచ్చేవాళ్ళం కాదు. బాపు తువ్వాలతో ముఖం తుడుచుకుని, పైపు వద్దు అన్నాడు. ఆ ఏడు పొలం ఎండింది. బర్లు మాత్రం బతికాయి. ఆమెను అనుమానించడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఆ తర్వాత మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నారో లెక్కలేదు, అయినా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. ఆమె విసుక్కోకుండా చెబుతూనే ఉన్నారు. అంత ఓపికగా నాకు జవాబు చెప్పిన మనిషి మరొకరు లేరు.

మేడమ్‌ను వాళ్ళ చర్చి వెనక శ్మశానంలో పూడ్చారు. మట్టి వేసేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. జనం పలచబడ్డాక ఆ ఆఫీసర్ పెద్ద పూలదండతో వచ్చాడు. దండ పెట్టి, బాపు భుజం మీద చెయ్యి వేసి, మంచి మనిషి పోయింది పెద్దాయనా అన్నాడు. మళ్ళీ ఎండాకాలం వస్తోంది, పైపు సంగతి ఇంకోసారి ఆలోచించుకోండి అని కూడా అన్నాడు.

బాపు ఆ చేతిని మెల్లగా దించాడు.

"తొట్టి తీస్కరా సారు. చేపలు మా బాయివే ఏస్తం. నీళ్ళు మాత్రం నువ్వు తేవద్దు. మేమే మీ ఫ్యాక్టరీ పైపు కాడికొచ్చి ముంచుకుంటం, మాకు బుద్ధి పుట్టిన దినం."

ఆఫీసర్ వెళ్ళి కారులో కూర్చున్నాడు. కారు కదల్లేదు. గేటు దగ్గర ఇంజను ఆడుతూనే ఉంది, అద్దాలు ఎత్తి ఉన్నాయి, లోపల ఏం చేస్తున్నాడో కనబడదు. అందరూ వెళ్ళిపోయారు. ఆ కారు పోవడం మా కళ్ళతో చూసిందాకా బాపూ నేనూ పచ్చి మట్టి పక్కనే నిలబడ్డాం.