జేబులో కరివేపాకు

చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో మాకు జువాలజీ చెప్పిన సారు, పాఠం మొదలుపెట్టే ముందు జేబులోంచి కరివేపాకు రెబ్బ తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేవారు. దంపతులిద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే ఆవిడ పోయారు, ఈయనకు వాసన తెలియకుండా పోయింది. ఎల్బీనగర్ దాకా ఆయన తిరగని దవాఖాన లేదు.

ఒకరోజు అట్టపెట్టెలో పట్టుచిలుకలు, అంటే పట్టుపురుగులు పెరిగి రెక్కలొచ్చినవి, తెచ్చారు. ఆడదాన్ని బల్ల ఈ చివర పెట్టగానే, ఆ చివరనున్న మగది రెక్కలు టపటపలాడిస్తూ పరుగెత్తింది.

"కండ్లతోని కాదు, మీసాలతోని వాసన పడ్తది. గా మీసాలు కోస్తే, ఆడది పక్కన్నే ఉన్నా దానికి తెల్వదు," అన్నారు. ఆ తర్వాత పాఠం సాగలేదు.

అందరూ వెళ్లాక నన్ను ఆపి, బ్యాగులోంచి గట్టిగా ముడేసిన ప్లాస్టిక్ కవరు తీశారు. లోపల ఆవిడ కట్టి విడిచిన చీర.

"జర చూసి చెప్పు బిడ్డా, ఆమె వాసన ఇంక ఉన్నదా? నా ముక్కు మంచిగయ్యేదాంక ఉంటది గద?"

ముడి విప్పగానే కలరా ఉండల ఘాటు గుప్పుమంది. చీరకు పురుగు పట్టకూడదని ఆయనే వాటిని వేసి ఉంచారు. ఆ ఘాటు ఆయనకు తెలిసే దారి లేదు. చీరలో ఇంకే వాసనా మిగల్లేదు.

"ఉంది సార్," అన్నాను.

"ఎట్లున్నది?"

నేను ఆవిడను ఎప్పుడూ చూడలేదు. "మల్లెపూల వాసన సార్."

సారు కవరుకు ఒక ముడి వేశారు. దాని మీద ఇంకో ముడి వేశారు.

"ఆమెకు మల్లెపూలు అస్సలు పడయ్ బిడ్డా," అన్నారు.