ఆరు కిలోల సీసం, ఒక వల

పోయిన శుక్రవారం చర్చిలో ప్రార్థన ముగిసి, హాల్లో టీ, సమోసాలు పంచుతుండగా నరసాపురం నుంచి పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి ఎల్లిపోయారమ్మాయ్" అంది. పిన్నే మళ్ళీ అందుకుంది. "పొద్దున్నే టీ తాగారు. పంచదార తక్కువేశావని నాతో పేచీ పెట్టుకున్నారు. ఇంకో చెంచా ఏసుకొచ్చేసరికి కుర్చీలో తల వాల్చేసున్నారు. ఆఖరికి కూడా పంతం నెగ్గించుకునే పోయారు, చూడు" అని ఏడుస్తూనే నవ్వింది. చేతిలో సమోసాతో అలాగే నిలబడి నేను కూడా ఆ రెండూ చేశాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఊరికి నాలుగు ఊళ్ళ అవతల, సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టినవారు. అల్ మవాలేలో మేం నర్సులం ఉండే బిల్డింగ్‌కి కంపెనీ తరఫున ప్లంబరు. నేను ఒమాన్ వచ్చిన మొదటి వారమే మా వంటింటి కుళాయి ఊడిపోయి నీళ్ళు చిమ్ముతుంటే, ఒంటి చేత్తో ఆ ధారను మూసి, రెండో చేత్తో చెవి వెనక నుంచి ఏదో తీశారు. పెన్సిలేమో అనుకున్నాను. కాదు, వల అల్లే చెక్క సూది. "ఆయ్, ఇది పనికిరాదు, రెంచీ ఇయ్యమ్మాయ్" అన్నారు. ఏ ఊరని అడిగితే చెప్పాను. అంతే, ఆ రోజు నుంచి నేను అమ్మాయిని, ఆయన బాబాయి. పదకొండేళ్ళు గల్ఫులో కుళాయిలు బిగించినా ఆ సూది మాత్రం చెవి దిగలేదు.

ఆయన గది కిటికీ ఊచలకు ఎప్పుడూ ఒక వల వేలాడుతూ ఉండేది. అల్లడం, పూర్తయ్యాక విప్పడం, మళ్ళీ అల్లడం. "వేసే చోటు లేనప్పుడు అల్లడం దేనికి బాబాయ్?" అంటే, "నువ్వు పాటలు పాడి ఎవరికి అమ్ముతున్నావ్?" అనేవారు. నా పాట సంగతి మా రూమ్‌లో ఎవరినడిగినా చెప్తారు గనక నేనింక నోరెత్తేదాన్ని కాదు. వల గురించి ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "అల్లడానికి ఓపిక కావాలి, అంచుకి సీసం గుళ్ళు కట్టడానికి లెక్క కావాలి. ఇసరడానికి మాత్రం కాస్త పొగరుండాల."

ఆ పొగరే ఆయనను చిక్కుల్లో పడేసింది. మవాలే నుంచి సీబ్ సముద్రం కారులో పావుగంట. పోయిన ఏడాది ఎండలు ముదరకముందు ఒక శుక్రవారం సాయంత్రం మేం కొందరం అక్కడికి వెళ్ళాం. ఒక ఒమానీ ముసలాయన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి విసురు వల వేస్తున్నాడు. ఆయన హిందీ బాగానే మాట్లాడేవాడు. అందరూ చాచా అని పిలుస్తున్నారు. బాబాయి కాసేపు చూశారు, ఇంకాసేపు చూశారు, ఇక ఆగలేక దగ్గరికి వెళ్ళి "ఏక్ బార్, చాచా" అని చేతులు చాచారు. చాచా నవ్వి వల ఇచ్చేశాడు.

వల అందంగానే విచ్చుకుంది. అయితే మా తీరంలో అడుగంతా బురద, ఇసుక. రాయి అన్నది మొక్కుకుందామన్నా దొరకదు. అక్కడి అలవాటుతో బాబాయి వలను నేల మీద ఈడ్చుకుంటూ లాగారు. అడుగున రాళ్ళకు పట్టుకుని అది రాలేదు. గట్టిగా లాగారు. చేతికి తాడూ, గుప్పెడు దారాలూ మాత్రమే వచ్చాయి. చాచా "పర్వాలేదు, పాతదే, వదిలెయ్" అన్నాడు. డబ్బులిస్తామంటే చెయ్యి అడ్డం పెట్టాడు. బాబాయి మాత్రం "నేను చేసిస్తాను. ఇదిగో ఈ చేతుల్తో" అని మాట ఇచ్చి వచ్చారు.

ఆ తరవాత రెండుసార్లు మేం అటు వెళ్ళినప్పుడు చాచా బోర్లించిన పడవ మీద ఊరికే కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. షాపులో దొరికే మిషను వలలు తన చేతికి విచ్చుకోవట. తిరిగొస్తూ బాబాయి దారంతా చెవి వెనక సూది తీసి చూసుకుంటూనే ఉన్నారు. పైగా అప్పుడే కంపెనీ కాగితం వచ్చింది. వయసు దాటింది, వీసా పొడిగించరు, నవంబరులో టికెట్. ఆలోగా వల ఇవ్వకపోతే ఇక ఇచ్చేది లేదు. "మాట నోటితో ఇస్తామమ్మాయ్, తీర్చాల్సింది చేత్తోనే" అన్నారు.

అల్లిక రెండు నెలల్లో అయిపోయింది. చిక్కంతా సీసం దగ్గర వచ్చింది. వల అంచు చుట్టూ సీసం గుళ్ళు కట్టకపోతే అది నీళ్ళలో మునగదు, తేలుతుంది. ఆరు కిలోలు కావాలి. చేపల సామాన్ల షాపులో తయారు గుళ్ళు ఉన్నాయి కానీ, ధర విని బాబాయి టోపీ తీసి నెత్తి గోక్కున్నారు. పైగా వాళ్ళ ఇళ్ళల్లో వల గుళ్ళు కొనుక్కోరు, ఎవరి వలకు వాళ్ళే పోసుకుంటారు. పాత బ్యాటరీల షాపువాడు చవగ్గా ఇస్తానన్నాడు. బాబాయి వద్దన్నారు. "దాన్నిండా యాసిడ్. కాస్తే విషప్పొగ. చేపలు పట్టే వలకి మనుషుల్ని చంపే సీసం ఎందుకు?" నేను నర్సును కదా, ఆయన అలా అనకపోతే నేనే అనేదాన్ని.

చివరికి దారి చూపించింది టైర్ల షాపు. చక్రం ఊగకుండా అంచుకు తగిలించే చిన్న బరువులు ఉంటాయి. పాతవి పీకి డబ్బాలో పడేస్తారు. మవాలేలో అలాంటి షాపులో జగిత్యాల తమ్ముడొకడు పనిచేసేవాడు. "గీ చెత్తెందుకక్కా నీకు? దవాఖానల సూదులకు అయిపోయినయా?" అని నవ్వి డబ్బా గుమ్మరించాడు. మిగిలిన షాపులకు కూడా అతనే చెప్పిపెట్టాడు. ఇక చూడండి నా వైభవం. తెల్ల యూనిఫాంలో డ్యూటీ దిగి టైర్ల షాపుల చుట్టూ తిరగడం! ఒకరోజు వార్డులో నా హ్యాండ్‌బ్యాగు పట్టీ తెగి దబ్బున కిందపడితే, హెడ్ నర్సు బ్యాగును ఎత్తబోయి ఎత్తలేక, నా ముఖంలోకీ దాని ముఖంలోకీ మార్చి మార్చి చూసింది. మలయాళీ ఆవిడ. సముద్రం, వల, మాట అన్నీ చెప్పాను. మర్నాడు వాళ్ళాయన కారుకు తీసేసిన నాలుగు బరువులు రుమాల్లో కట్టి తెచ్చిచ్చింది.

కానీ ఆ బరువులన్నీ సీసం కావు. కొత్త వాటిలో జింకు ఉంటుంది, ఇనుము ఉంటుంది. బాబాయి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, ఒక్కోటి సిమెంటు నేల మీద వేసి చూపించారు. జింకు పడితే ఠంగుమంటుంది. సీసం పడితే 'దబ్' అని ఊరుకుంటుంది. "మోగేది మనకొద్దమ్మాయ్. మొద్దుగా పడేదే బరువు మోస్తది." ఆ మాట ఆయన మనుషులకు కూడా వాడేవారు. మా బిల్డింగ్ సూపర్‌వైజర్ లెక్చరు దంచుతుంటే నా వైపు తిరిగి మెల్లగా "ఠంగ్" అనేవారు. నాకు నవ్వాగేది కాదు.

మొదటి సంచీ అంతా ఒక్కోటి వేసి విన్నాను. రెండో సంచీకి ఓపిక లేకపోయింది. వరసగా డ్యూటీలు, కాళ్ళ నొప్పులు. "అన్నీ చూశావా?" అని బాబాయి అడిగితే "చూశాను" అనేశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఆయన మళ్ళీ అడగలేదు. నా మాట మీద నమ్మకం.

బిల్డింగ్ వెనక ఖాళీ జాగాలో, గాలి ఎటు వీస్తుందో చూసుకుని గ్యాస్ పొయ్యి పెట్టారు. వంటకు వాడని గిన్నె, దాని మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు. ముక్కుకు మాస్కు, చేతులకు తోలు గ్లవ్సు. నీళ్ళ చుక్క పడినా కరిగిన సీసం పేలి ఎగిరిపడుతుందని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రెండు ఇటుక ముక్కలు నున్నగా అరగదీసి, గాడి చెక్కి, గుండుకు బెజ్జం పడేలా మధ్యలో మేకు పెట్టి చేసిన అచ్చు. అప్పటిదాకా కూడబెట్టినదంతా గిన్నెలో పోశారు. కొన్ని ఎంతకీ కరక్కపోతే మంట పెంచారు. అద్దంలా మెరవాల్సింది కాస్తా చిక్కబడింది, ముద్దలు కట్టింది. గరిటె పెడితే గరిటె నిలబడింది. అచ్చులో పోస్తే సగంలోనే గడ్డకట్టింది. మోగేవి కలిసిపోయాయి. ఇక ఆ సీసం మొత్తం దేనికీ పనికిరాదు. విమానానికి ఎనిమిది రోజులుంది.

నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. "రెండో సంచీ వినలేదు బాబాయ్. చూశానని అబద్ధం చెప్పాను" అన్నాను. ఆయన మాస్కు కిందకి లాగి గిన్నెలోకి చూశారు, నన్ను చూశారు. "ఏంటమ్మాయ్, సీసంతో ఉప్మా చేసేశావ్!" అన్నారు. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. పొయ్యి ఆపి పక్కన కూర్చుని, "బురద అలవాటుతో నేను రాళ్ళల్లో ఈడ్చాను. తొందరలో నువ్వు వినకుండా తెచ్చావు. నా తప్పుకి చాచా ఏమన్నాడు? వదిలెయ్ అన్నాడు. నేను మాత్రం నిన్నేమంటాను?" అన్నారు. నన్ను తిట్టి ఉంటే ఆ తిట్లు ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఆ మాటలు మర్చిపోలేను.

ఈ సంగతి జగిత్యాల తమ్ముడికి చెప్పాను. మూడో రోజు గోనెసంచి ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. వాళ్ళ రూమ్‌వాళ్ళు పనిచేసే సైట్‌లో పాత బిల్డింగ్ కూలగొడుతుంటే, నేలలోంచి పాతకాలపు కరెంటు కేబుల్ బయటపడిందట. దాని పైతొడుగంతా సీసమే. ఫోర్‌మన్‌ను అడిగి, తోలు వలిచినట్టు వలిచి తెచ్చారు. నేను చెయ్యి పెట్టబోతే సంచీ పక్కకు లాగేశాడు. "నువ్వాగక్కా. నీ చెవుల మీద నాకు నమ్మకం లేదు. ఒక్కొక్కటి నేనే యేసి ఇన్న. ఒక్కటి సప్పుడు జేస్తే ఒట్టు" అన్నాడు. బాబాయి అతన్ని కావలించుకుని నుదుటి మీద ముద్దు పెట్టారు. పాపం, అతను సిగ్గుతో టైరు అంత నల్లబడ్డాడు.

రెండు రోజులు పోత, ఒక రోజు కట్టడం. బిల్డింగ్ కింద చాప పరిచి, బాబాయి, నేను, జగిత్యాల తమ్ముడు వల చుట్టూ కూర్చుని గుళ్ళు కట్టాం. అయ్యాక ప్రతిసారీ సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగితేనే నేను అన్నం పెట్టేదాన్ని. బాబాయి రెండుసార్లే కడిగి మూడని చెప్పేవారు. పట్టుకునేదాన్ని. మనిషి అబద్ధాలకు పనికిరారు.

విమానానికి ముందురోజు సాయంత్రం సీబ్ వెళ్ళాం. చాచా పడవ మీదే ఉన్నాడు. బాబాయి రెండు చేతులతో వల అందించారు. చాచా అంచు పట్టుకుని వేలు జరుపుకుంటూ గుండు గుండూ తడిమాడు, చుట్టంతా. తరవాత తొడుక్కున్న పొడుగు అంగీ ఎగదోపుకుని నీళ్ళలోకి నడిచి విసిరాడు. అంత గుండ్రంగా విచ్చుకున్నదాన్ని నేను మళ్ళీ చూడలేదు. తిరిగొచ్చి వలను బాబాయి చేతిలో పెట్టబోతే, ఈయన చేతులు వెనక్కి కట్టేసుకున్నారు. "వద్దు చాచా. రాళ్ళున్నాయి." చాచా పకపకా నవ్వి, ఆయన మోచెయ్యి పట్టుకుని పాతిక అడుగులు అవతలికి నడిపించి, కాలితో అడుగు తడిమి చూపించాడు. అక్కడ ఇసుక. బాబాయి విసిరారు. మొదటిసారి సగమే తెరుచుకుంది. రెండోసారి పూర్తిగా. ఒక పీత, ఒక ప్లాస్టిక్ సీసా పడ్డాయి. బంగారం పడ్డట్టు కేకలు పెట్టారు. మర్నాడు ఎయిర్‌పోర్టులో కూడా పీత ఎంతదో చేతులతో చూపిస్తూనే లోపలికి వెళ్ళారు. బయట నిలబడిన మాకు కనిపించినంతసేపూ ఆ చేతుల మధ్య పీత పెరుగుతూనే ఉంది.

పిన్ని ఫోన్ పెట్టేశాక ఆ సాయంత్రమే సీబ్ వెళ్ళాను. చాచాకు చెప్పాలి కదా. ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్నాడు. చెప్పాను. దేవుడి పేరు తలుచుకున్నాడు. తరవాత ఏమనుకున్నాడో, ఆరుతున్న వలను మళ్ళీ భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగాడు. ఒక్కటే విసురు. వెండిలా తళతళలాడే కవళ్ళ చేపలు నిండుగా పడ్డాయి. నేను వెళ్ళొస్తానంటే ఆగమన్నాడు. చేపలన్నీ ఇసుక మీద పోసి రెండు కుప్పలు చేశాడు. కుప్పలు ఎక్కువ తక్కువ అయ్యాయని ఇటువి అటు, అటువి ఇటు మార్చాడు. ఒక కుప్ప సంచిలో వేసి నా చేతికిచ్చాడు.

"ఎందుకు చాచా, నేనొక్కదాన్నే" అన్నాను.

"నీకు కాదు బేటీ" అన్నాడు. "వల చేసినవాడి వాటా."

టాక్సీలో మవాలే తిరిగొస్తుంటే ఒళ్ళో ఆ సంచి, అందులో చేపలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఏసీ వేసుకుని కూర్చున్న డ్రైవరు వాసనకి ముక్కు చిట్లించి అద్దం దించాడు. నేను సంచిని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాను.