చెరిగిపోయిన ఇంటూ గుర్తు

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. సుద్దముక్క మేస్త్రి అంటే చాలు, ఎవరైనా వెల్డింగు షాపు చూపిస్తారు. చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాళ్ళు ఊరినిండా ఉంటారు గానీ, సుద్దముక్క పెట్టుకుని తిరిగేవాడు ఇతనొక్కడే. దానికో కారణముంది. ఇనప ముక్కలు రెండు కలిపేటప్పుడు ముందు అక్కడక్కడా చుక్కలు పెట్టి నిలబెడతారు. చుట్టూ పూర్తి వెల్డింగు ఆ తర్వాత. చుక్కలు మాత్రమే పెట్టిన ప్రతి అతుకు పక్కనా మేస్త్రి సుద్దతో ఒక ఇంటూ గుర్తు వేస్తాడు. వెల్డింగు పూర్తయి చల్లారాక బొటనవేలితో దాన్ని చెరిపేస్తాడు. గుర్తుంటే పని ఉన్నట్టు, లేకపోతే అయినట్టు. ఈ పద్ధతి పెట్టుకున్నాక తన చేతిలో పొరపాటన్నదే జరగలేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

షాపులో అతను, భార్య, కూతురు. అంతే. రంగులన్నీ భార్యవి. కూతురు గేట్లూ, కిటికీ ఊచలూ, మెట్లకి రెయిలింగులూ చేస్తుంది. ఎడమచేతివాటం మనిషి. చెయ్యి నిలకడైనదే అయినా, బరువు మోసే అతుకు మాత్రం ఆమెని ముట్టుకోనివ్వడు. "నీ వెల్డింగు చూడముచ్చటగా ఉంటుందమ్మా. చూడ్డానికే," అంటాడు. ఆమె మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోతుంది.

ఇప్పుడతని ప్రాణం మీదికి వచ్చిన పని సొంత బావమరిది జీపుది. కొండ మీదున్న వాతావరణ కేంద్రానికి సరుకులు చేరవెయ్యడం ఆ బావమరిది బతుకుతెరువు. ఆ దారిని రోడ్డనడం మర్యాద కోసమే. దానికి తగ్గట్టు పెద్ద టైర్లు వేయించాడు. దాంతో స్టెప్నీ కూడా అంత పెద్దదే అయి కూర్చుంది, ఆ బరువుకి వెనక తలుపు బందులు రెండూ ఊడొచ్చాయి.

"తలుపు మీద బరువు పడకూడదు బావా," అన్నాడు. "బంపరు నుంచే ఒక చెయ్యి లేపు. తలుపు తియ్యాలంటే టైరు పక్కకి తిరగాలి. మూశాక మాత్రం కదలకూడదు. మళ్ళీ ఈ పని మీద నీ గుమ్మం తొక్కే అవసరం నాకు రాకూడదు."

మేస్త్రి ఆ మాటని పట్టుదలగా తీసుకున్నాడు. బంపరు ఒక చివర మణికట్టంత లావు ఇరుసు నిలబెట్టాడు. దాని మీదికి బేరింగులున్న గొట్టం దిగుతుంది. గొట్టం నుంచి అడ్డంగా చెయ్యి, చెయ్యి మధ్యలో టైరు బిగించే పలక, రెండో చివర రబ్బరు దిమ్మ మీదికి లాగి పట్టే గడియ. పలక మూలలకి త్రికోణం ముక్కలు వేస్తే బాగుంటుందని కూతురంటే, "నా వెల్డింగుకి ఊతకర్రలెందుకే," అని నవ్వేశాడు. ప్రాణమంతా ఆ ఇరుసులోనే ఉందని అతని లెక్క. అది బంపరు పైనుంచి కిందికంటా దిగుతుంది, పైనా కిందా రెండు చోట్లా వెల్డింగు పడాలి. పైదొక్కటే ఉంటే టైరు ఊగినప్పుడల్లా ఇరుసు కదిలే పన్నులా అయి, ఎక్కడో ఒకచోట ఊడి చేతికొస్తుంది.

పని పూర్తయింది. మర్నాడు పొద్దున్నే జీపు బయలుదేరింది. దాని వెనకాల మోటారు సైకిలు మీద కూతురు కూడా వెళ్ళింది. కొండ మీది కేంద్రంలో మెట్ల రెయిలింగు కొలతలు తీసుకుని సాయంత్రానికి తిరిగి రావాలి. "దారి కొత్త. ముందుకెళ్ళకు. మావయ్య జీపు వెనకే అంటిపెట్టుకుని వెళ్ళు," అని మేస్త్రే దగ్గరుండి చెప్పి పంపాడు.

వాళ్ళు వెళ్ళాక భార్య రంగు బ్రష్షులు కడుగుతూ విసుక్కుంది.

"అంత సుద్ద ఎందుకు పూస్తావో గానీ, ఆ బంపరు కింద తుడవలేక చచ్చాను."

మేస్త్రి టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "బంపరు కింద ఎక్కడ?"

"ఆ లావు ఇరుసు దగ్గరే."

"ఇంటూ ఉందా, చెరిపేసిన మరకా?"

"అక్కడ చీకటి. తెల్లగా కనబడింది, తడిగుడ్డ పెట్టి తుడిచాను, రంగేశాను. సుద్ద మీద రంగు పట్టదని నువ్వే కదా రోజూ పాఠం చెప్తావు?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. కింది అతుక్కి చుక్కలు పెట్టడం గుర్తుంది. ఇంటూ వెయ్యడం గుర్తుంది. భుజం లాగుతుంటే, వెల్లకిలా పడుకుని చేసే వెల్డింగు తర్వాత చూద్దాంలే అనుకుని బేరింగుల కోసం బజారుకి వెళ్ళడం గుర్తుంది. తిరిగొచ్చేసరికి రంగేసి ఉంది. రంగు పడిందంటే పని అయినట్టే కదా అనుకుని గొట్టం దించేశాడు. మధ్యలో ఆ కింద పడుకున్నది మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. బొటనవేలు వంక చూసుకున్నాడు, అదేదో సాక్ష్యం చెబుతుందన్నట్టు.

"ఏమైంది?" అంది భార్య.

"అది చుక్కల మీదే వెళ్ళిపోయింది. అమ్మాయి దాని వెనకే వెళ్ళింది. నేనే వెళ్ళమన్నాను."

ఆమె చేతిలో బ్రష్షు డబ్బాలో పడింది. కూతురి ఫోను మోగి మోగి ఊరుకుంది. హెల్మెట్టులో ఏం వినిపిస్తుంది? తమ్ముడి ఫోను అప్పటికే అందనంత దూరంలో ఉందని చెప్పింది. మేస్త్రి పాత స్కూటరు తీశాడు. చెప్పులు కుడిఎడమలు తారుమారుగా వేసుకున్న సంగతి ఊరు దాటాక గానీ తెలియలేదు.

దారి పొడుగునా అతనికి ఒకటే బొమ్మ కళ్ళముందు. గుంతలో జీపు పడుతుంది, ఇరుసు వాలుతుంది, అంత టైరూ ఊడి, ఎగిరి, వెనకాల అంటిపెట్టుకుని వస్తున్న పిల్ల మీద పడుతుంది. తల విదిలించుకుంటే పోయి, తర్వాతి మలుపులో మళ్ళీ వచ్చేది. బంకు దగ్గర ఆగి పెట్రోలు పోయించుకుంటూ, జీపూ మోటారు సైకిలూ వెళ్ళాయా అని అడిగాడు.

"వెళ్ళాయి," అన్నాడు బంకు కుర్చీలో ఉన్నాయన. "ఆ అమ్మాయి మరీ దగ్గరగా వెళ్తోందండీ. కాస్త వెనక్కుండమ్మా అన్నాను. మా నాన్న ఇలాగే వెళ్ళమన్నాడు అంది."

మేస్త్రి గబగబా స్కూటరు స్టార్టు చేశాడు. చిల్లర కూడా తీసుకోకుండా కదిలాడు.

తారు అయిపోయి రాళ్ళ దారి మొదలైంది. ఒక మలుపు తిరగ్గానే దారి పక్కన నల్లగా, గుండ్రంగా ఏదో కనబడింది. పై ప్రాణాలు పైనే పోయాయి. స్కూటరు అక్కడే పడేసి పరిగెత్తాడు. తీరా చూస్తే ఎవరో పారేసిన నీళ్ళ తొట్టి. దాని మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. తొట్టిని చూసి ఇంత సంతోషించినవాడు ఇంకొకడు ఉండడని తర్వాత తనే చెప్పుకుని నవ్వేవాడు గానీ, ఆ క్షణాన ఏడుపొచ్చింది.

వాగు దగ్గర కనబడ్డారు. ఇంజను చల్లారాలని జీపు ఆపుకున్నారు. టైరు దాని చోట అది ఉంది. కూతురు రాయి మీద కూర్చుని సీసాలో నీళ్ళు పడుతోంది. నిక్షేపంలా ఉంది.

"నాన్నా? అమ్మకేమైనా అయిందా?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. స్టాండు కూడా వెయ్యకుండా స్కూటరు వదిలేసి, తిన్నగా జీపు వెనక్కి పోయి వెల్లకిలా పడుకున్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఇరుసు కింద రంగు గీకాడు. కొత్త రంగు, పట్టుకుని ఒక పట్టాన రాలేదు. కాస్త రాలింది. ఇంకాస్త గీకాడు.

చుక్కలు కావు. ఇరుసు చుట్టూ పూర్తి వెల్డింగు, పొలుసు మీద పొలుసు, ఎక్కడా ఖాళీ లేదు. మేస్త్రి కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ తెరిచి చూస్తే ఏదో తేడాగా తోచింది. తన పొలుసులు కుడివైపుకి వాలతాయి. ఇవి ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

"ఎప్పుడు చేశావు?" అన్నాడు కిందనుంచే.

కూతురు సీసా మూత బిగించింది. "నువ్వు బేరింగులకి వెళ్ళినప్పుడు. భుజం లాగుతోందన్నావు కదా."

"చెప్పలేదే."

"చెప్తే ఊరుకునేవాడివా? కోసి పారేసి మళ్ళీ చేసేవాడివి. ఇంటూ చెరిపాను కదా నాన్నా. నీ పద్ధతే."

అతను బయటికి వచ్చి, జీపులోంచి సుత్తి తీసుకుని, ఇరుసుని నాలుగు వైపులా మోదాడు. అది ఖంగుమందే తప్ప కదల్లేదు.

"బావా, అది నా జీపు," అన్నాడు బావమరిది దీనంగా.

"ఇంకోసారి కొట్టు నాన్నా," అంది కూతురు. ఆ గొంతులో కోపముంది, భయమూ ఉంది. మేస్త్రి కొట్టలేదు. సుత్తి దించేశాడు.

అప్పుడు కూతురు టైరు పక్కన వంగి, కాస్త నెట్టి చూసింది. మళ్ళీ నెట్టింది. "నాన్నా, ఇలా రా."

టైరు పలక చేతికి అతికిన చోట రంగు మీద వెంట్రుకంత గీత. టైరు నెడితే తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. ఊతకర్రలు అక్కర్లేదన్న అతుకు. అతని సొంత అతుకు, సందేహమన్నది ఒక్క క్షణం కూడా రాని అతుకు. గీత పైనుంచి మొదలై పలకలో సగం దూరం దిగింది. ఇంకాసేపు ఆ రాళ్ళలో ఎక్కి ఉంటే మిగతా సగమూ దిగేది.

దారంతా వెంటాడిన బొమ్మ మళ్ళీ కళ్ళముందు నిలబడింది. ఊడేది వేరే చోట, అంతే. పిల్ల ఉండేది అక్కడే. మేస్త్రి ఆ రాళ్ళ మీదే కూలబడ్డాడు. కూతురు నీళ్ళ సీసా అందించింది. సగం నోట్లో, సగం చొక్కా మీద పోసుకున్నాడు.

బావమరిది నట్లు విప్పాడు. ముగ్గురూ కలిసి టైరుని దించి, లోపల సరుకుల మీదికి ఎక్కించారు. కూతురు వచ్చి తండ్రి చెవి మీది సుద్దముక్క తీసుకుంది. వంగి, అతని అతుకు పక్కన పెద్ద ఇంటూ వేసి, ముక్క మళ్ళీ అతని చెవి మీదే పెట్టింది.

"దిగొచ్చాక నువ్వే చెయ్యి," అన్నాడు మేస్త్రి.

"బరువు మోసేదా?"

"బరువు మోసేదే. మూలలకి ముక్కలు కూడా వెయ్యి."

జీపు కదిలింది. వెనక పలక మీద ఆ తెల్ల గుర్తు ఊగుతూ కొండెక్కింది. కూతురు ఈసారి చాలా దూరం వదిలి దాని వెనక వెళ్ళింది. అంతకుముందు, జీపు ఇంకా కదలకుండా ఉన్నప్పుడు, అలవాటు కొద్దీ మేస్త్రి బొటనవేలు ఆ ఇంటూ దాకా వెళ్ళింది. అతను వేలు మడిచి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.